ఎముక అతికింది కదా, ఇంకా నొప్పేంటి?

కొంచెం పెద్ద పోస్టే. ఓపికగా చివరిదాకా చదవండి. ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతాం.

పోయిన ఆదివారం మన సంఘం వైద్య సహాయం మీటింగులో ఒక దరఖాస్తు వచ్చింది. షోలాపూర్ తూర్పు భాగంలో బీడీలు చుట్టే ఒక అక్కది. ఏడు నెలల కింద తడి మెట్ల మీద జారి, చెయ్యి ఆనించి పడింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు ప్లాస్టర్ వేశారు, తీశారు. ఆ ఖర్చుకు సంఘం సహాయం చేసింది కూడా. ఇప్పుడు మళ్లీ అడిగింది. చెయ్యి మండుతోంది, పని చెయ్యలేకపోతున్నాను, డాక్టరు ఫిజియోథెరపీకి రమ్మంటున్నాడు, రానుపోను ఖర్చులు కూడా లేవు అని రాయించింది.

ఎక్స్‌రే చేతులు మారింది. ఒక పెద్దాయన దాన్ని వెలుతురుకు పట్టి చూసి అన్నాడు: "ఎముక అతికింది కదా, ఇంకా నొప్పేంటి? పని తప్పించుకునే నాటకం." ఇద్దరు ముగ్గురు నవ్వారు. దరఖాస్తు పక్కన పడింది. తర్వాతి విషయం మార్కండేయ రథోత్సవం చందాలు. దానికి గంటన్నర పట్టింది. ఈ అక్కకు నాలుగు నిమిషాలు.

మేము కొందరం ఆ రోజు అక్కడే ఉన్నాం. నోరు తెరవలేదు. అది మా తప్పు. అందుకే ఇప్పుడు అందరి ముందు రాస్తున్నాం.

మీటింగు అయ్యాక మేము ఆ అక్క ఇంటికి పోయాం. మీరూ ఒకసారి పోయి చూడండి. విరిగిన చెయ్యి రెండో చేతికన్నా ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. వేళ్లు వాచి ఉన్నాయి. ఆ చేతికే చెమట పడుతోంది. తాకి చూస్తే రెండు చేతులకూ వేడిలో తేడా తెలుస్తోంది. కొంగు తగిలితే ఉలిక్కిపడుతోంది. ఫ్యాను గాలి ఆ చేతి మీద పడకుండా గోడ వైపు తిరిగి పడుకుంటోంది. ఒకప్పుడు రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన మనిషి, ఇప్పుడు తునికాకు కత్తిరించే కత్తెరలో వేళ్లు దూర్చలేదు. చాట ఒళ్లో పెట్టుకుని ఉత్తగా కూర్చుంటోంది. ఆమె కోడలు మాతో మెల్లగా ఒక మాట అంది: "మేమూ మొదట్లో నాటకమే అనుకున్నాం. రాత్రుళ్లు నిద్రలో కూడా ఏడుస్తుంటే అర్థమైంది."

నిద్రలో నాటకం ఆడేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇక ఆ ఎక్స్‌రే సంగతి. ఎక్స్‌రేలో కనిపించేది ఎముక. నరం కనిపించదు. ఎముక అతికిందని ఎక్స్‌రే చెప్తే అది ఎముక గురించి చెప్పిన నిజం. నొప్పి లేదని అది ఎన్నడూ చెప్పలేదు. ఆ మాట మనం దాని నోట్లో పెట్టాం.

మన మగ్గం మీద పని చేసినవాళ్లకు ఒక పోలికతో చెప్తాం. పేక తెగితే పవర్‌లూమ్ దానంతటదే ఆగుతుంది. దానికోసం ఒక ఫోర్కు ఉంటుంది. దారం తగలకపోతే అది గుర్తు పట్టి మగ్గాన్ని ఆపుతుంది. ఒక్కోసారి ఆ ఫోర్కే చెడిపోతుంది. అప్పుడు పేక బాగానే ఉంటుంది, అయినా మగ్గం ఆగుతూనే ఉంటుంది. అప్పుడు మీరు ఏం చేస్తారు? పేకను చూసి "దారం బాగానే ఉంది, మగ్గం నాటకమాడుతోంది" అంటారా? ఫోర్కును సరిచేస్తారు. నొప్పి కూడా అలాంటి సైగే. గాయమైందని చెప్పడానికి ఒంట్లో ఉన్న ఏర్పాటు అది. గాయం మానినా ఆ సైగ చేసే నరాల ఏర్పాటు చెడితే సైగ ఆగదు. మగ్గం నిజంగానే ఆగినట్టు, ఆ అక్కకు చెయ్యి నిజంగానే మండుతోంది.

లోపల జరిగేది కొంచెం వివరంగా చెప్పుకుందాం. చెయ్యి విరిగినప్పుడు, నలిగినప్పుడు, తెగినప్పుడు నరాలు సాగవచ్చు, నలగవచ్చు, తెగవచ్చు. దెబ్బ తిన్న నరం తాకకుండానే సైగలు పంపడం మొదలుపెడుతుంది. తెగిన నరం కొస మళ్లీ పెరగాలని చూస్తుంది. రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, అంటే నెలకు ఒక అంగుళం చొప్పున. దారి దొరక్కపోతే అక్కడే ముడిపడి గడ్డ కడుతుంది, దాన్ని తాకితే షాక్ కొట్టినట్టు ఉంటుంది. సన్నని నరాల కొసల నుంచి వెలువడే రసాయనాలు వాపు, ఎరుపు, వేడి తెస్తాయి. ఇలా నెలల తరబడి సైగలు వస్తూ ఉంటే వెన్నుపాములోని కణాలు కూడా మితిమీరి స్పందించడం నేర్చుకుంటాయి. ఈ సంగతిని క్లిఫర్డ్ వూల్ఫ్ అనే శాస్త్రవేత్త 1983లోనే ప్రయోగంతో చూపించాడు. అప్పుడు కొంగు తగలడం కూడా వాత పెట్టినట్టే లోపలికి చేరుతుంది. ఆ మనిషి మంచిదా చెడ్డదా, సోమరా కష్టజీవా అనే దానితో దీనికి ఏ సంబంధమూ లేదు.

"ఇవన్నీ ఈ కాలం రోగాలు, మా కాలంలో లేవు" అని కూడా ఒకరు అన్నారు. 160 ఏళ్ల కింద అమెరికా అంతర్యుద్ధంలో తూటాలు తగిలిన సైనికులను ఫిలడెల్ఫియాలోని ఒక ఆసుపత్రిలో సైలస్ వీర్ మిచెల్ అనే డాక్టరు, ఆయన తోటి డాక్టర్లు ఇద్దరు చూశారు. గాయం మానిపోయింది, మంట మాత్రం పోలేదు. ఆ సైనికులు చేతికి తడిగుడ్డ చుట్టుకుని తిరిగేవారు. కొందరు బూట్లలో నీళ్లు పోసుకునేవారు, పొడి బట్ట రాసుకుంటే భరించలేక. 1864లో వాళ్లు దీని మీద పుస్తకమే అచ్చు వేశారు. మిచెల్ ఆ మంటకు కాసాల్జియా అని పేరు పెట్టాడు. 1900లో జర్మనీలో పాల్ సుడెక్ అనే సర్జన్ గాయం తర్వాత వాచి నొప్పెట్టే చేతుల్లో, కాళ్లలో ఎముక పలచబడటం గమనించాడు. 1994లో ప్రపంచ నొప్పి వైద్యుల సంఘం దీనికి కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్ అని పేరు పెట్టింది. పొట్టిగా సీఆర్‌పీఎస్. పెద్ద నరం దెబ్బ తిన్నట్టు తేలితే రెండో రకం, అలా తేలకపోతే మొదటి రకం. పేర్లు మారాయి. తడిగుడ్డ మారలేదు. మన అక్క కూడా చేతికి తడిగుడ్డే చుట్టుకుంటోంది. ఆమె ఆ పుస్తకం చదవలేదు.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. "దొంగ నొప్పులు చెప్పేవాళ్లు లేరా?" ఉన్నారు. సంఘం డబ్బు అందరి చెమట, జాగ్రత్త ఉండాల్సిందే. అందుకని అడిగిన ప్రతివాళ్లనూ దొంగను చేస్తే ఎలా? దీన్ని గుర్తుపట్టడానికి డాక్టర్లకు బుడాపెస్ట్ ప్రమాణాలు అని ఒక పద్ధతి ఉంది. రోగి చెప్పేది వింటారు, తమ కళ్లతో కూడా చూస్తారు. గాయానికి మించిన నొప్పి ఉందా, మెల్లగా తాకినా నొప్పెడుతోందా, రెండు చేతుల వేడిలో, రంగులో తేడా ఉందా, వాపు, చెమట ఉన్నాయా, కదలిక తగ్గిందా, వెంట్రుకలూ గోళ్లూ పెరిగే తీరు మారిందా, వేరే ఏ రోగంతోనైనా ఇలా అవుతోందా అని పరిశీలిస్తారు. ఒక చేతికే చెమట పట్టేలా నటించే నటుడు ఇంకా పుట్టలేదు. ఆ ఆదివారం మీటింగులో ఎక్స్‌రే చూసినవాళ్లలో ఒక్కరైనా ఆ అక్క రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూశారా?

ఒక మాట ఇక్కడే చెప్పాలి. దెబ్బ తర్వాత మిగిలే ప్రతి నొప్పీ సీఆర్‌పీఎస్ కాదు. మణికట్టు విరిగాక అక్కడి నరం నొక్కుకుపోయి వేళ్లు తిమ్మిరెక్కవచ్చు, దానికి వైద్యం వేరు. ఎముక వంకరగా అతికి ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు అంతకుముందే నరాలు దెబ్బతిని ఉండొచ్చు. అది తేల్చాల్సింది డాక్టరు. నరాల పరీక్ష నార్మల్ అని వచ్చినా కథ అక్కడితో అయిపోదు. ఆ కరెంటు పరీక్ష పెద్ద నరాలనే చూస్తుంది, నొప్పిని మోసే సన్నని నరాలు దానికి అందవు.

ఇంకో దెప్పిపొడుపు ఉంది. "పిచ్చి గోళీలు ఇచ్చారంట." నిజమే, అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్ లాంటివి మనసు కుంగిపోయినవాళ్లకు ఇచ్చే మందులే. అవే నరాల నొప్పికీ పని చేస్తాయి. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ మూర్ఛలకు ఇచ్చే మందులు, అవి కూడా నరాల నొప్పికి వాడతారు. ఒక మందు రెండు పనులు చేస్తే అది మనిషికి పిచ్చి అని సర్టిఫికెట్ కాదు. ఈ మాట అని అని ఎంతమంది చేత మందులు మాన్పించామో లెక్క లేదు. ఇవి ఒక్కసారిగా మానేయకూడదు, మోతాదు డాక్టరే మెల్లగా పెంచాలి, డాక్టరే మెల్లగా దించాలి. మత్తుగా ఉంటుంది కాబట్టి ఆ మందు మొదలుపెట్టిన రోజుల్లో మగ్గం దగ్గర నిలబడే ముందు డాక్టరును అడగాలి. మందుల పేర్లు చెప్పింది దుకాణంలో అడిగి కొనుక్కోమని కాదు. చీటీలో కనిపిస్తే భయపడొద్దని.

మనం చేసే వైద్యం కూడా మాట్లాడుకోవాలి. ప్లాస్టర్ తీసిన మర్నాడు "నరం మీద నరం ఎక్కింది" అని ఒకాయన వచ్చి కరకర రుద్దుతాడు. కొంగు తగిలితేనే అరిచే చేతిని రుద్దితే ఏమవుతుంది? ఇంకొకరు కదిలిస్తే విరుగుతుందని మూడు నెలలు జోలెలో పెట్టిస్తారు. డాక్టరు కదిలించమని చెప్పాక కూడా కదిలించకపోవడం ఈ రోగానికి మంచి మేత. మూడోవారు మందుల షాపులో నొప్పి గోళీలు తెచ్చి ఇస్తారు. ఆ గోళీలు నరాల మంటకు అంతగా పనిచేయవు, నెలల తరబడి మింగితే కడుపుకూ కిడ్నీకీ చేటు. కట్టుగానీ ప్లాస్టర్‌గానీ వేసిన తర్వాత వేళ్లు నీలంగా, చల్లగా అయి, తిమ్మిరెక్కి, నొప్పి గంటగంటకూ పెరుగుతుంటే తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే దవాఖానకు పోవాలి. కట్టు బిగిసి రక్తం ఆగితే చెయ్యే పోవచ్చు.

అసలు మన భాషలోనే ఒక చిక్కు ఉంది. రక్తం తీసేదీ నరమే, మెడ పట్టేసేదీ నరమే, సైగలు మోసేదీ నరమే. అన్నిటికీ ఒకటే మాట. ఇక "నరాల బలహీనత" అనగానే గోడల మీద రాసే ఆ రహస్య వైద్యం ప్రకటనలు గుర్తొచ్చి మగవాళ్లు దవాఖానలో ఆ మాట ఎత్తడానికే సిగ్గుపడతారు. కానీ నొప్పి తీరు చెప్పడానికి మనకు మాటలకు కొదవ లేదు. మంట, సలుపు, పోటు, గుంజుడు, తిమ్మిరి, మొద్దుబారడం, సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, కరెంటు కొట్టినట్టు. నరాల నొప్పిని పట్టుకోవడానికి డాక్టర్లు వాడే ప్రశ్నల పట్టికలో అడిగేవి సరిగ్గా ఇవే: మంట ఉందా, చల్లగా నొప్పెడుతోందా, షాక్ కొడుతోందా, చీమలు పాకుతున్నాయా, సూదులు గుచ్చుతున్నాయా, మొద్దుబారిందా, దురద ఉందా.

మరి దవాఖానలో ఏం జరుగుతోంది? డాక్టరు మరాఠీలో "దుఖ్తయ్ కా?" అంటాడు. తోడు పోయిన కొడుకు "హో, దుఖ్తయ్" అంటాడు. అంతే. అమ్మ తొమ్మిది మాటలు చెప్పింది, లోపలికి పోయింది ఒక్కటే. నొప్పి గోళీల చీటీ బయటికొచ్చింది. అదే కొడుకు మంటకు "ఆగ్ హోతే" అనీ, చీమలకు "ముంగ్యా యేతాత్" అనీ, మొద్దుబారిందానికి "బధిర్ ఝాలంయ్" అనీ చెప్పి ఉంటే చీటీ వేరేగా ఉండేది. మరాఠీ వాళ్లకూ తిమ్మిరంటే చీమలే, చూడండి. తరాల నుంచి ఇక్కడ ఉన్నాం, మన పిల్లలు మరాఠీలో డిగ్రీలు చేశారు. ఇంట్లో ఆడవాళ్ల నొప్పిని పూర్తిగా చెప్పడానికి మాత్రం వాళ్లకు ఓపిక లేదు. సీఆర్‌పీఎస్ మగవాళ్లకన్నా ఆడవాళ్లకు మూడింతలకు పైగా వస్తుందని కూడా తెలుసుకోండి. నాటకం అనే మాట ఎక్కువగా ఎవరి మీద పడుతోందో మేము చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కార్ఖానా సంగతి. మా వాడలోనే ఒక తమ్ముడి పాదం మీద బీమ్ పడింది. మాలక్ దవాఖాన బిల్లు కట్టాడు, పైన కొంత చేతిలో పెట్టాడు, కాగితం మీద సంతకం తీసుకున్నాడు. పాదం అతికింది. నాలుగు నెలలైంది, చెప్పు వేసుకోలేడు. మళ్లీ పోయి అడిగితే "సంతకం పెట్టావు కదా" అన్నాడు. ఆ కాగితానికి సాక్షి సంతకం పెట్టింది ఎవరు? మన సంఘం మనిషే. మంచికే పెట్టాడు, గొడవ తెగుతుందని.

పని గాయాలకు పరిహారం ఇవ్వాలని చట్టం 1923 నుంచీ ఉంది. అందులో ఒక పట్టిక ఉంది. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం, చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం. తెగిన వేలుకు లెక్క ఉంది. ఉన్న వేలు మండుతూ పనికి రాకపోతే ఆ పట్టికలో లెక్క లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొంది, నొప్పి అనే పేరు ఆ 21లోనూ లేదు. చట్టానికి కూడా ఆ పెద్దాయన కళ్లజోడే ఉందన్నమాట. కోసేస్తే కనిపిస్తుంది, కాలితే కనిపించదు.

అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. పట్టికలో లేని గాయానికి సంపాదన శక్తి ఎంత తగ్గిందో డాక్టరు అంచనా వేసి రాస్తే దాని ప్రకారం పరిహారం అడగవచ్చు. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకు పనిలో గాయమై పనికి పోలేని రోజులకు పగార్‌లో సుమారు 90 శాతం వస్తుంది. వీటికి కావలసింది కాగితాలు. గాయమైన తేదీ, మొదటి చీటీ, నెలనెలా చెయ్యి ఫోటోలు, డాక్టరు రాసిన రోగం పేరు. మన దగ్గర లేనివి అవే. మనం ఎక్స్‌రే ఒక్కటి దాచుకుంటాం, అదేమో ఎముక అతికిందని చెప్తుంది.

వైద్యం సంగతికి వస్తే, ఒక్క గోళీతో తగ్గేది కాదు, అలాగని దిక్కులేనిదీ కాదు. మొదటి నెలల్లో పట్టుకుంటే చాలామందికి ఏడాది లోపు మేలు కనిపిస్తుంది. ఆలస్యం చేసేకొద్దీ చెయ్యి బిగుసుకుపోతుంది. మెల్లగా కదిలించే ఫిజియోథెరపీ ప్రాణం లాంటిది. మెత్తని దూదితో మొదలుపెట్టి, నూలు గుడ్డ, ఆ తర్వాత గరుకు టవల్, ఇలా రోజూ కొంచెం కొంచెం తాకిస్తూ నరానికి మళ్లీ అలవాటు చేస్తారు. టవళ్లు నేసే ఊళ్లో దానికి కరువు లేదు. అద్దం వైద్యం ఒకటి ఉంది. మంచి చెయ్యి అద్దం ముందు, నొప్పి చెయ్యి అద్దం వెనక పెట్టి, అద్దంలో చూస్తూ మంచి చెయ్యి ఆడిస్తే నొప్పి చెయ్యే హాయిగా కదులుతున్నట్టు మెదడుకు అనిపిస్తుంది. తెగిపోయిన చేతిలో నొప్పి ఉందనే రోగుల కోసం దీన్ని 1990లలో మొదలుపెట్టినవాడు తమిళనాడులో పుట్టిన వి.ఎస్. రామచంద్రన్. తర్వాత సీఆర్‌పీఎస్‌కూ వాడుతున్నారు. అందరికీ ఒకేలా పని చేయదు, ఫిజియోథెరపిస్టు చూపించినట్టే చెయ్యాలి. ఖర్చు మాత్రం ఒక అద్దం.

చేయి లేని మనిషికి కూడా ఆ చేతిలో నొప్పి ఉంటుందని ఒప్పుకుని, దానికి వైద్యం కనిపెట్టిన కాలం ఇది. మనం చెయ్యి ఉన్న మనిషి నొప్పిని ఒప్పుకోవడానికి ఎక్స్‌రే అడుగుతున్నాం.

కాబట్టి వచ్చే ఆదివారం మీటింగులో మేము ఈ నాలుగు అడుగుతాం. ఒకటి, ఆ అక్క దరఖాస్తు మళ్లీ తెరవాలి, మూడు నెలల ఫిజియోథెరపీ రానుపోను ఖర్చు ఇవ్వాలి. రెండు, దెబ్బ తగిలి మూడు నెలలు దాటినా నొప్పి ఉన్నవాళ్ల దరఖాస్తును డాక్టరు రాత లేకుండా ఎవరూ కొట్టేయకూడదు, ఎక్స్‌రే చూసి తీర్పు చెప్పకూడదు. మూడు, మరాఠీ బాగా వచ్చిన యువకులు, ముఖ్యంగా ఆడపిల్లలు, వారానికి ఒక రోజు దవాఖానకు తోడు పోవాలి. చెప్పిన మాట చెప్పినట్టు లోపల చెప్పాలి. నాలుగు, పని గాయం అయినవాళ్ల చేత మాలక్ కాగితం మీద సంతకం పెట్టించే పనికి సంఘం మనిషి ఎవరూ సాక్షిగా పోకూడదు. క్లెయిమ్ వేయడానికి రెండేళ్లు గడువు ఉంటుంది, నెల తిరక్కుండా గొడవ తెంపాల్సిన తొందర మాలక్‌ది, మనది కాదు.

ఆ పెద్దాయన మీద మాకు కోపం లేదు. మాలో చాలామందికి మగ్గం నేర్పింది ఆయనే. ఆయనకు ఒక్కటే విన్నపం. ఆదివారం రండి బాబాయ్, మీ పక్కన ఆ అక్కను కూర్చోబెడతాం. ఎక్స్‌రే తేము. ఆమె రెండు చేతులూ చూడండి. చూశాక కూడా నాటకమే అంటే, ఆ మాట ఆమె ముఖం చూసి అనండి.

మీ ఇంట్లో ఇలాంటివాళ్లు ఉంటే కింద రాయండి, లేదా మాలో ఎవరికైనా విడిగా చెప్పండి. పేర్లు బయటపెట్టం. ఆదివారం పది గంటలకు కలుద్దాం.